పేరుకే నిర్మాత

నాచారం,
9 జూన్ 2025

బావగారు విశ్వనాథం గారికి కామరాజు నమస్కారాలు.

ఇక్కడ సత్యవేణి మోకాళ్ళు, నా షుగరు తప్ప తక్కినవన్నీ కులాసా. చెల్లెమ్మ తారామణి గారిని అడిగానని చెప్పండి. మొన్న పంపిన సకినాలు సగం నేనే తిన్నాను. మిగతా సగం కూడా నేనే తిన్నానని సత్యవేణి అంటుంది, నమ్మకండి.

ఉగాది నాడు మీ ఇంట్లో భోజనాల దగ్గర సినిమా మాట మీద మనం అరుచుకున్నాక హరిణి ఆంక్ష పెట్టింది కదా. ఇంటి సంగతులైతే ఫోన్లో, సినిమా సంగతులైతే కాగితం మీద. కాగితం మీద అరుపులు వినబడవని దాని తెలివి. నా కూతురే అయినా మీ కోడలయ్యాక దానికి లాయరు బుద్ధులు వచ్చాయి. అందుకే ఈ ఉత్తరం దాని చేతికే ఇచ్చి పంపుతున్నాను.

సంగతి ఏమిటంటే, మన 'మూడో షెడ్డు' బొంబాయి ఓటీటీ వాళ్ళకి నచ్చింది! ఏడాది పైగా ఆ సినిమా హార్డ్ డిస్కులో మగ్గింది. చూసిన ప్రతి డిస్ట్రిబ్యూటరూ "హీరోకి యాభై ఏళ్ళేంది సార్, పాటల్లేవు, ఫైట్లు లేవు, ఎవరు జూస్తరు?" అని టీ తాగి వెళ్ళినవాడే. ఇప్పుడు బొంబాయి నుంచి వాళ్ళంతట వాళ్ళే అడిగారు. నెలాఖరులోగా హక్కుల కాగితాలన్నీ సరిగ్గా ఇస్తే తీసుకుంటారు. లేకపోతే ఆ చోటు ఇంకో సినిమాకి ఇస్తారట. ఇంకెవరూ మనల్ని అడగరు బావగారూ, ఇదొక్కటే దారి. ఈ కథ ఫ్యాక్టరీ మూడో షెడ్డులో నాతో పనిచేసినవాళ్ళది, వాళ్ళలో చాలామంది పోయారు. ఉన్నవాళ్ళు కూరగాయల మార్కెట్లో కనబడి "మన షెడ్డు ఎప్పుడు జూపిస్తవ్ సార్?" అంటుంటే మొహం తిప్పుకుని వస్తున్నాను.

పెద్ద సినిమా లాయర్లు మా బోటివాళ్ళకి గేటు తీయరు. చిన్న నిర్మాతలకి మీరే దిక్కు. కాబట్టి ఈ కాగితాల భారం మీదే.

ఒక చిన్న సంగతి. బ్యానరు మన సన్నీ పేరు మీద ఉంది. ఫిల్మ్ ఛాంబర్లో టైటిలు రిజిస్ట్రేషను, సెన్సారు సర్టిఫికెట్టు, ఆర్టిస్టుల అగ్రిమెంట్లు, అన్నిటి మీదా అల్లుడి సంతకమే. మొదలుపెట్టినప్పుడు నాకు ఏలినాటి శని. నా పేరు మీద ఏదీ మొదలుపెట్టవద్దని సీతారామయ్య సిద్ధాంతి గారు గట్టిగా చెప్పారు. సన్నీకి శుక్రుడు ఉచ్చలో ఉన్నాడు. పేరుకే కదా అని అతని పేరు పెట్టాను. ఉగాది ముందు రోజుతో నాకు శని వదిలింది. ఇప్పుడు అంతా నా పేరుకి మార్చి, టైటిల్ కార్డు కూడా మార్చి ఇచ్చేద్దాం.

మీ
కామరాజు


ఉప్పల్,
11 జూన్ 2025

బావగారికి,

మీ ఉత్తరం సగం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఏమైంది, ఎవరన్న వోయిన్రా?" అని తారామణి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఇంకా లేదు అన్నాను.

షూటింగు మొదలైన రోజు కొబ్బరికాయ కుళ్ళిందని ఫోన్ చేసి చెప్పారు. హీరో గారికి విరేచనాలైతే చెప్పారు. ఈ సంగతి మాత్రం చెప్పలేదు! మావాడూ చెప్పలేదు. పోస్టరు మీద వాడి పేరు చూసి, పెళ్ళి శుభలేఖలో అందరి పేర్లూ వేసినట్టు మర్యాదకు వేశారనుకున్నాను.

చట్టం నిర్మాత అని ఎవరిని అంటుందో తెలుసా? ఎవరు పూనుకుని, బాధ్యత నెత్తిన వేసుకుని సినిమా తీశారో వారిని. ఈ వాక్యం మీరు చదివితే అది మీరేననిపిస్తుంది. పక్కవాడు చదివితే వాడేననిపిస్తుంది. ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం రాసుకున్నారా? లేదు. రాసుకుంటే శని చూస్తాడు కాబోలు.

మీ ఒక్కరినే అని లాభం లేదు. నా దగ్గరికొచ్చే చిన్న నిర్మాతల తీరే ఇంత. భార్య పేరు మీద బ్యానరు, బావమరిది పేరు మీద టైటిలు. కొందరికి టాక్సువాళ్ళ భయం, కొందరికి గ్రహాల భయం. టాక్సువాళ్ళతోనైతే మాట్లాడవచ్చు, శనితో ఎవరు మాట్లాడతారు?

సరే, భయపడకండి. కొనేవాళ్ళకు కావలసింది ఒకటే: ఈ సినిమా ఎవరిది, వేరెవరూ నాది అనరు కదా, అని. సన్నీ మీ పేరిట రాసి సంతకం పెడితే అయిపోతుంది. మనవాడే కదా. కానీ ఒక్కటి బతిమాలుతున్నాను. వాడితో మీరు ఒక్క ముక్క కూడా అనకండి. ఆదివారం నేనే కూర్చోబెట్టి మెల్లగా చెప్తాను.

సత్యవేణి అక్కయ్యగారికి నమస్కారాలు. సకినాల డబ్బా తిరిగి పంపమని తారామణి గుర్తుచేస్తోంది.

విశ్వనాథం


నాచారం,
15 జూన్ 2025

బావగారికి,

మీ ఉత్తరం బుధవారం సాయంత్రం అందింది. ఆ మధ్యాహ్నమే నేను మీ ఇంటికి వచ్చి వెళ్ళాను. మీరు కోర్టులో ఉన్నారు. చెల్లెమ్మ మజ్జిగ ఇచ్చింది. సన్నీ ఇంట్లోనే లాప్‌టాప్ ముందు ఉన్నాడు. మంచి వార్త కదా, కడుపులో దాచుకోలేక చెప్పేశాను. విని ఎగిరి గంతేశాడు బావగారూ! నా రెండు చేతులూ పట్టుకుని "మస్తు ఖుషీగుంది మామా" అన్నాడు.

అప్పుడు నేను తెల్లకాగితం తీసి, "ఇదిగో బాబూ, ఇక్కడ సంతకం పెట్టు. ఇన్నాళ్ళూ నీ పేరు పేరుకే కదా, ఇక నా పేరుకి మార్చేద్దాం" అన్నాను.

అతను పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు. మళ్ళీ పెట్టేశాడు.

"పేరుకేనా మామా?"

"మరి? నీకు తెలియంది ఏముంది?"

"చట్టం ప్రకారం ప్రొడ్యూసర్ నేనే గదా. బాధ్యత గిట్ల తీసుకున్నోడే ప్రొడ్యూసరంట" అని లోపలికి వెళ్ళిపోయాడు. మజ్జిగ తాగకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చి మీ ఉత్తరం విప్పితే అందులోనూ అదే మాట. బాధ్యత తీసుకున్నవాడే నిర్మాత! మధ్యాహ్నం కొడుకు నోట, సాయంత్రం తండ్రి కాగితం మీద. నేను ఫ్యాక్టరీ మనిషిని, మెషీన్లు తప్ప తెలివితేటలు తెలియవు. అయినా ఈ మాత్రం అర్థం కాకుండా ఉంటుందా? నాతో "ఏమీ అనకండి" అని రాసి, అవతల అతనికి పాఠం చెప్పారా?

ఇలా రాస్తున్నందుకు నాకే సిగ్గుగా ఉంది. అయినా నాలుగు రోజులుగా నిద్ర లేదు. నెలాఖరు తరుముకొస్తోంది.

కామరాజు


ఉప్పల్,
18 జూన్ 2025

బావగారికి,

మీ అనుమానం చదివి రెండు రోజులు జవాబు రాయకూడదనుకున్నాను. ఇంకొకరైతే రాయకపోదును. నేను నా కొడుక్కి పాఠం చెప్పలేదు. అడిగితే తేలింది, ఆ మాట వాడు ఫోన్‌లో వెతికి చదువుకున్నాడట. ఈ మధ్య అందరూ లాయర్లే.

నిన్న సాయంత్రం వాణ్ణి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర హోటల్‌కు చాయ్‌కి తీసుకెళ్ళాను. వాడు అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నాన్నా, సంతకం వెట్టనని నేను అన్లే. గా షెడ్డు ఓనర్ ఇంటి సుట్టు మూడు నెల్లు దిరిగి పర్మిషన్ దెచ్చిందెవలు? హీరో అలిగి వోతే అన్నోజిగూడ దాంక వోయి బతిమిలాడి తోల్కొచ్చిందెవలు? మామ సూసిండు గదా. అంత సూసి గూడ 'పేరుకే' అన్నడు. ఉగాది తెల్లారి ఎడిటింగోళ్ళు ఫోన్ జేసిన్రు. 'భయ్యా, నీ పేరు దీసెయ్యమంటుండు మీ మామ, తీసెయ్యాల్నా?' అని. నాకు సెప్పకుంట గట్ల జేస్తడా? నేనేం శనికి అడ్డంగ వెట్టిన దిష్టిబొమ్మనా?"

టైటిల్ కార్డు సంగతి మీరు ముందే ఎడిటరుకు చెప్పారని నాకు తెలియదు. వాడికి తెలిసి రెండు నెలలుగా మింగుకుని ఉన్నాడు.

వాడికి సినిమా వద్దు, ఆ పేరు కావాలి. ఇద్దరి పేర్లూ వేయండి. 'నిర్మాతలు: కామరాజు, సన్నీ.' కొంపలేమీ మునగవు.

ఇక కష్టమైన మాట. మీ ఇద్దరికీ తేడా వచ్చిందని తెలిశాక నేను మీ లాయరుగా ఉండకూడదు. వాడికీ ఉండను. తండ్రినై ఉండి కొడుకుకు ఎదురు పత్రాలు రాయలేను, మీ సలహాదారునై ఉండి మీకు ఎదురూ రాయలేను. ఆమని అని, నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి, సైనిక్‌పురిలో ఆఫీసు పెట్టుకుంది. సినిమా కాగితాలు బాగా తెలుసు. వెంటనే వెళ్ళండి.

విశ్వనాథం


నాచారం,
24 జూన్ 2025

బావగారికి,

ఈ ఉత్తరం పార్సిల్ బైకు అతని చేత పంపుతున్నాను. హరిణి చేత పంపడానికి లేదు. ఎందుకో కింద రాస్తున్నాను.

మీరు నట్టేట వదిలేశారనుకున్నాను. సైనిక్‌పురి అమ్మాయి మీ శిష్యురాలు, ఆమె కూడా మీవైపే అనుకున్నాను. కోపంలో మా కాలనీ నరసింహమూర్తి గారి దగ్గరికి వెళ్ళాను. భూమి కేసుల్లో ఆయన దిట్ట. "ఒక్క నోటీసు గొడదాం సార్, పొల్లగాడు దారిలకొస్తడు" అన్నారు. బెదిరించడానికే కదా అని ఊ అన్నాను.

తరవాత నోటీసు నకలు చూస్తే నాకే చెమటలు పట్టాయి. 'సదరు సన్నీ అనునతడు మోసపూరితముగా, దురుద్దేశముతో' అట! నేను ఆ మాటలు అనలేదు బావగారూ. సత్యవేణి మీద ఒట్టు. ఇదేమిటని అడిగితే, "నోటీసంటే గిట్లనే ఉంటది, మీరు ఫికర్ జెయ్యకుండ్రి. బొంబాయోళ్ళకు గూడ ఒక కాపీ వంపిన" అన్నారు. బొంబాయికి ఎందుకండీ అంటే, "మీ ఆస్తి అని ఆళ్ళకు దెల్వొద్దా?" అన్నారు.

నోటీసు మీ ఇంటికి చేరిన సాయంత్రమే హరిణి సూట్‌కేసుతో వచ్చింది. వాళ్ళమ్మతో తప్ప మాట్లాడదు. నేను గదిలోకి వస్తే లేచి వెళ్ళిపోతుంది. "మీ ఆయన మీద కోపమా, నా మీదా?" అని తలుపు అవతల నిలబడి అడిగాను. "ఇద్దరి మీదా" అంది. ఆ ఒక్క మాటకే సంతోషించానంటే నా గతి చూడండి.

నా అల్లుణ్ణి నేనే మోసగాడని రాయించాను. సినిమా ఏమవుతుందో తెలియదు, పిల్ల కాపురం ఏమవుతుందో తెలియదు. ఏం చేయమంటారు? లాయరుగా వద్దు, బావగారిగా చెప్పండి.

కామరాజు


ఉప్పల్,
26 జూన్ 2025

బావగారికి,

ఎంత పని చేశారండీ! పొలానికి తగాదా వస్తే కేసు ఎన్నేళ్ళు నడిచినా పొలం అక్కడే ఉంటుంది. సినిమాకు తగాదా వస్తే కొనేవాడు లేచి వెళ్ళిపోతాడు. సినిమా లాయరు ఎవరైనా మొదట నేర్చుకునేది ఇదే. కోర్టులో గెలిచినా అప్పటికి దాన్ని చూసేవాడు ఉండడు.

బొంబాయివాళ్ళు మీకూ సన్నీకీ విడివిడిగా పంపిన మెయిలు చూశాను. ముప్పయ్యో తారీఖు సాయంత్రానికి ఈ సినిమా ఫలానావాడిదే, రెండోవాడికి ఏ హక్కూ లేదు అని తేలాలి. లేకపోతే వాళ్ళు తప్పుకుంటారు. అంటే ఇద్దరిలో ఒకరు పూర్తిగా వదులుకోవాలి, లేదా ఇద్దరూ కలిసి ఒకే కాగితం రాయాలి. ఇక ఇద్దరి పేర్లు అని బేరమాడే వేళ దాటిపోయింది.

ఎవరు వదులుకోవాలో నేను చెప్పను. బావగారిగా అడిగారు కాబట్టి ఒక్కటి చెప్తాను. వచ్చి వాడితో మాట్లాడండి. వాడు నిలబడి అన్నం తింటున్నాడు, రెండు ముద్దలు తిని చేయి కడుగుతున్నాడు. తారామణి ఏడుస్తోంది. నేను ఆఫీసులో ఊరి నిర్మాతలందరికీ సలహాలు చెప్పి ఇంటికొచ్చి నోరు మూసుకుంటున్నాను.

ఈ ఉత్తరం సంగతి వాడికి చెప్పలేదు. వాడు నాతో అన్నవి మీకు ఇక రాయను. ఒకరి మాట ఒకరికి మోసే లాయరు ఇద్దరినీ ముంచుతాడు. ముప్పై ఏళ్ళుగా, మొన్నటి ఉత్తరంలో తప్ప, ఈ నియమం తప్పలేదు. మళ్ళీ తప్పితే, కొడుకు కోసం తప్పాడంటారు.

విశ్వనాథం


నాచారం,
30 జూన్ 2025

బావగారికి,

పని పూర్తి చేసి రాస్తున్నాను.

పొద్దున్న సైనిక్‌పురి వెళ్ళాను. ఆమని మంచి పిల్ల, కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి అంతా విన్నది. కానీ నేను అడిగింది రాయనంది. "అంకుల్, మొన్న నోటీసులో సినిమా మీదేనన్నారు. ఇవాళ మీది కాదని ప్రమాణం చేస్తానంటున్నారు. తెలిసి అబద్ధం రాయలేను. మీరూ సన్నీ గారూ కలిసి రండి, గంటలో ఒకే కాగితం రాసిస్తాను" అంది. కలిసి రావడానికి నాకు మొహం ఎక్కడుంది? మోసగాడని రాయించినవాడి పక్కన ఏ కుర్చీలో కూర్చోను?

అక్కణ్ణించి ఉప్పల్ వచ్చి, డీటీపీ షాపులో నేనే చెప్పి టైపు చేయించి, పక్కనే నోటరీ ముందు సంతకం పెట్టేశాను. ఈ చిత్రానికి పూనుకున్నది, బాధ్యత వహించింది, తీసింది నా అల్లుడు సన్నీ ఒక్కడే. నాకు ఏ సంబంధమూ లేదు, ఎన్నడూ లేదు అని. టైపు చేసే అమ్మాయి "ఇంకేమన్న ఉందా సార్?" అని రెండుసార్లు అడిగింది. ఇంకేం ఉంటుందమ్మా అన్నాను. అక్కణ్ణించే బొంబాయికి మెయిలు కొట్టించాను.

సన్నీ పనిమంతుడని నాకు మొదటి రోజే తెలుసు. వానలో కెమెరా తడవకుండా టార్పాలిన్ పట్టుకుని పూటంతా నిలబడ్డాడు. ఆ రోజు ఇంటికొచ్చి సత్యవేణితో, "మనకి కొడుకు లేడని ఎవరన్నారే?" అన్నాను. అతనితో అనలేదు. పిల్లల్ని మొహం మీద మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని మా ఇళ్ళల్లో అలా అనం. మీవైపు అంటారేమో నాకు తెలియదు.

సినిమా బయటికి వస్తే చాలు. మా షెడ్డువాళ్ళు చూస్తే చాలు. నా పేరు లేకపోతే ఏం, నా మొహం వాళ్ళకి తెలుసు.

సన్నీకి మీరు చెప్పకండి. బొంబాయివాళ్ళ నుంచే తెలియనివ్వండి. నరసింహమూర్తి గారు ఊరికే ఫోన్లు చేస్తున్నారు, నా ఫోను ఆపేసి పెట్టాను. నాకు చాలా భయంగా ఉంది బావగారూ, కానీ నిద్ర వస్తోంది.

కామరాజు


ఉప్పల్,
2 జూలై 2025

బావగారూ,

మీ ఫోను ఇంకా ఆపే ఉంది. హరిణి ఎత్తడం లేదు. ఆటో అతనికి ఈ కాగితం ఇచ్చి, మీ చేతికే ఇవ్వమని పంపుతున్నాను. కూర్చుని చదవండి.

సినిమా పోయింది.

ముప్పయ్యో తారీఖున బొంబాయికి మీ కాగితం ఒక్కటే వెళ్ళలేదు. అదే రోజు సన్నీ కూడా హబ్సిగూడలో నోటరీ దగ్గర ప్రమాణం చేసి ఒకటి పంపాడు. తను పేరు మాత్రమే ఇచ్చానని, సినిమాకు పూనుకున్నదీ తీసినదీ మామ ఒక్కడేనని, తనకు ఎన్నడూ ఏ హక్కూ లేదని. మీ కాగితం ఎలా ఉందో అదీ అలాగే ఉంది, పేర్లు తారుమారు. ఇవాళ పొద్దున్న వాళ్ళు రెండూ జతచేసి జవాబిచ్చారు. ఇద్దరు ప్రమాణం చేసి ఎదుటివాడిదే అంటున్నారు, ఇద్దరిలో ఒకరిది అబద్ధం, ఇలాంటి సినిమా మేము కొనలేము అని. ఒకరిది కాదు, ఇద్దరిదీ అబద్ధమే. వాళ్ళకు అదెలా చెప్పను?

బొంబాయికి ఫోన్ చేశాను. ఈ వృత్తిలో ఎవరినీ బతిమాలని నేను, నా కొడుకు వయసు కూడా లేని వాళ్ళ లాయరమ్మాయిని "తల్లీ, రెండు రోజులు గడువివ్వు" అని బతిమాలాను. చాలా మర్యాదగా, ఆ చోటు ఇంకో సినిమాకు ఇచ్చేశామంది.

శనివారం సన్నీ నా గదిలోకి వచ్చి, "నాన్నా, ఈ లొల్లి సాలు. ఏం కాయిదం రాస్తె ఇది ఒడుస్తది?" అని అడిగాడు. నేను చెప్పకూడదు, వేరే లాయరును అడుగు అన్నాను. నా కొడుకు నన్ను అడిగాడు బావగారూ, నేను నియమం చెప్పాను. 'మీ మామకు కూడా నీకు రాసిన మెయిలే వచ్చింది, ఆయనా కుమిలిపోతున్నాడు, పోయి కలువు' అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నాచారం ఎంత దూరం? ఆటోలో అరగంట కూడా పట్టదు. ఇద్దరికీ న్యాయం చేస్తున్నాననుకుని ఇద్దరినీ చీకట్లో ఉంచాను.

జవాబు వచ్చినప్పుడు వాడు నా పక్కనే నిలబడి చదివాడు. మీ కాగితం తెరిచాడు. 'పూనుకున్నది, బాధ్యత వహించింది, తీసింది నా అల్లుడు సన్నీ ఒక్కడే' అన్న చోట ఆగిపోయాడు.

"నాన్నా, ఇది మామనే రాసిండా? లాయర్లెవరన్న రాసిన్రా?"

ఆయనే చెప్పి టైపు చేయించాడన్నాను. మళ్ళీ చదివాడు. ఆ తరవాత లోపలికి వెళ్ళి గడియ వేసుకున్నాడు. నేను పిలిచాను, వాళ్ళమ్మ పిలిచింది. ఏడుపు వినబడుతోంది కానీ తలుపు తీయడు. ఒక్కసారి మాత్రం పలికాడు. "మామకు ఇంకా దెల్వదు నాన్నా. షెడ్డు పోయిందని గాయనకు నేనెట్ల జెప్పాలె?" అని.

హరిణిని వెంటబెట్టుకుని ఈ ఆటోలోనే బయలుదేరండి. మీకు తెలిసే వచ్చారని, వాడు చెప్పనక్కరలేదని, ఆ తలుపు దగ్గర నిలబడి మీరే చెప్పండి.

విశ్వనాథం